ఆన్‌లైన్ తరగతిలో విద్యార్థికి పనేమిటి?

కోనసీమలో అంతర్వేది వెళ్లే దారిలో, సఖినేటిపల్లి మండలంలో మోరి అనే ఊరుంది. 2016 డిసెంబరులో రాష్ట్ర ఫైబర్ గ్రిడ్ ఆ ఊరి ఇళ్లలోకి వచ్చింది. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్టు, టీవీ, ఫోను మూడూ ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్లు స్మార్ట్ విలేజ్ ప్రయోగానికి ఆ ఊరినే ఎంచుకున్నారు. కొబ్బరితోటల మధ్యకు కేబుల్ వచ్చేసింది కాబట్టి పెద్ద చదువులూ దాని వెంటే వచ్చేస్తాయని అప్పట్లో చాలామంది నమ్మారు. 2020 మార్చిలో కోవిడ్‌తో కాలేజీలు మూతపడ్డాక ఆ నమ్మకం ఎంత గట్టిదో తేలింది. కేబుల్ ఉన్న ఇంట్లోనూ, సిగ్నల్ కోసం డాబా ఎక్కాల్సిన ఇంట్లోనూ డిగ్రీ పిల్లలు చేసింది ఇంచుమించు ఒకటే. లింకు నొక్కారు, మ్యూట్‌లో ఉన్నారు, మాస్టారు చెప్పుకుంటూ పోయింది విన్నారు, చివర్లో పేరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అన్నారు.

కోవిడ్ నాటి ఆ రెండేళ్ల గురించి మన దగ్గర జరిగిన చర్చంతా సిగ్నల్ చుట్టూ, డేటా చుట్టూ, స్మార్ట్‌ఫోన్ల చుట్టూ తిరిగింది. అవి నిజమైన కష్టాలే. వాటి సంగతి కింద చెబుతాను. అయితే సిగ్నల్ బాగున్న చోట కూడా చదువు ఎందుకు సాగలేదని అడిగినవాళ్లు తక్కువ. నాకు తోచిన జవాబు ఇది: ఆన్‌లైన్ తరగతిలో విద్యార్థికి మనం ఏ పనీ పెట్టలేదు. గంటసేపు మాస్టారి ముఖాన్నీ గొంతునూ అటు పంపడానికే ఉన్న నెట్టంతా ఖర్చు చేశాం. పిల్లల ఆలోచన ఇటు రావడానికి దారి ఉంచలేదు. క్రియాశీల బోధన అని పేరున్న పద్ధతుల్లో గోదావరి జిల్లాల డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీల ఆన్‌లైన్ తరగతులకు ఏవి నప్పుతాయి, ఏ మార్పులు చేసుకుంటే నప్పుతాయి అన్నది ఇక్కడ చూద్దాం.

ముందు ఆ మాట మీద ఉన్న అపోహ ఒకటి తీసెయ్యాలి. క్రియాశీల బోధన అంటే క్లాసులో సందడి చేయించడమని, చిన్నపిల్లల బడికి తగిన ఆటపాటలని మన కాలేజీ అధ్యాపకుల్లో కొందరు అనుకుంటారు. అందులో ఉన్నది చాలా సాదా విషయం. పాఠం నడుస్తున్నప్పుడే విద్యార్థి ఏదో ఒకటి తేల్చుకోవాలి: లెక్క వెయ్యడం, ఊహించి చెప్పడం, పక్కవాడితో వాదించడం, రాసి చూపించడం. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి ఇలాంటి పద్ధతి ఒకటి నడిపారు. కాసేపు పాఠం చెప్పి, భావం మీద ఒక ప్రశ్న వేస్తారు. ఎవరికి వాళ్లు జవాబు ఎంచుకుంటారు. తర్వాత పక్కవాళ్లతో మాట్లాడుకుని మళ్లీ ఎంచుకుంటారు. దానికి పీర్ ఇన్‌స్ట్రక్షన్ అని పేరు. ఇలాంటి పద్ధతుల మీద వచ్చిన 225 అధ్యయనాలను స్కాట్ ఫ్రీమన్ బృందం 2014లో ఒకచోట చేర్చి లెక్క కట్టింది. ఉపన్యాసం మాత్రమే విన్న సైన్సు, ఇంజనీరింగ్ విద్యార్థులు ఫెయిలయ్యే అవకాశం ఒకటిన్నర రెట్లు ఎక్కువని తేలింది. 2020లో అదే వరుసలో ఎలీ థియోబాల్డ్ బృందం ఇంకో సంగతి చూపించింది. వెనకబడిన వర్గాల విద్యార్థులకూ మిగతావాళ్లకూ మధ్య పరీక్ష మార్కుల్లో ఉండే తేడా ఈ పద్ధతుల్లో మూడోవంతు తగ్గింది. మొదటి తరంగా డిగ్రీకి వస్తున్న పిల్లలతో నిండిన మన కాలేజీలకు మొదటి అధ్యయనం కంటే ఈ రెండోదే ముఖ్యమైనది.

హార్వర్డ్ నుంచే 2019లో వచ్చిన ఇంకో అధ్యయనాన్ని మన అధ్యాపకులు తప్పకుండా చదవాలి. లూయీ డెలొరియే బృందం ఒకే పాఠాన్ని కొందరికి చక్కటి ఉపన్యాసంగా చెప్పింది, కొందరితో పని చేయించి నేర్పింది. పని చేసినవాళ్లు ఎక్కువ నేర్చుకున్నారు. కానీ ఎంత నేర్చుకున్నారని పిల్లల్నే అడిగితే, ఉపన్యాసం విన్నవాళ్లే తమకు బాగా అర్థమైందని చెప్పారు. బుర్రకు పని పడినప్పుడు కలిగే ఇబ్బందిని వాళ్లు అర్థంకాకపోవడంగా లెక్క వేసుకున్నారు. మన దగ్గర ఇది వేరే రూపంలో వస్తుంది. క్లాసులో ప్రశ్నలు ఎక్కువై చెప్పడం తగ్గిందంటే, "ఈ సార్ పాఠం చెప్పట్లేదండి" అని ప్రిన్సిపాల్ గదిలో ఫిర్యాదు పడుతుంది. ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో మార్కులు తగ్గుతాయి. అధ్యాపకుడు రెండు వారాలకే మళ్లీ ఉపన్యాసంలోకి వెళ్లిపోతాడు. ఆన్‌లైన్‌లో ఈ భయం రెట్టింపు, ఎందుకంటే తెర అవతల పక్కగదిలో తల్లిదండ్రులు కూడా వింటుంటారు.

తెలుగు నేల మీద దూరం నుంచి చదువు చెప్పడం 2020లో మొదలైంది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972 నుంచీ దూరవిద్య నడిపింది. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో పుట్టింది. తర్వాత దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. పోస్టులో వచ్చిన పుస్తకాలు, సెలవురోజు స్టడీ సెంటర్లో కాంటాక్ట్ క్లాసులు. ఆ క్లాసులకు వచ్చినవాళ్లు పుస్తకం ముందే చదివి, సందేహాలు రాసుకుని వచ్చేవాళ్లు. ఈ రోజు ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ అని పెద్ద పేరు పెట్టి చెబుతున్నదానిలో సగం అక్కడే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో మన టీవీ అని ఉపగ్రహం ద్వారా కాలేజీలకు పాఠాలు ప్రసారం చేశారు. పిల్లలు ఫోను చేసి ప్రశ్న అడిగే వీలు కూడా ఉండేది. ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ వీడియోలు ఇంజనీరింగ్ పిల్లలకు కొత్త కాదు. 2017లో కేంద్రప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం వచ్చింది. దాని నిర్మాణంలో నాలుగు భాగాలు: వీడియో, చదువుకునే పాఠం, స్వీయపరీక్ష, చర్చావేదిక. మన రాష్ట్ర కళాశాల విద్యాశాఖ కోవిడ్ తర్వాత డిగ్రీ అధ్యాపకుల చేత పాఠాలు తయారుచేయించి ఎల్‌ఎంఎస్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో పెట్టించినప్పుడు కూడా ఈ నాలుగు భాగాల పద్ధతే తీసుకుంది.

నాలుగింటిలో మొదటి రెండింటికీ ఎంతో శ్రమ పడ్డాం. మూడోదాన్ని ఐదారు బిట్లతో సరిపెట్టాం. నాలుగోదాన్ని చాలా చోట్ల ఖాళీగా వదిలేశాం. విద్యార్థి మాట్లాడాల్సింది ఆ నాలుగోచోటే. ఎడెక్స్ ఆన్‌లైన్ కోర్సుల్లో లక్షలాది వీక్షణలను పరిశీలించి ఫిలిప్ గువో బృందం 2014లో చెప్పినదేమిటంటే, వీడియో ఎంత నిడివిదైనా జనం దాని మీద మనసు పెట్టేది మధ్యస్థంగా ఆరు నిమిషాలు. మనం నలభై నిమిషాల వీడియోలు చేసి పెట్టాం. చేసినవాళ్ల కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. వేసవి ఎండల్లో, ఫ్యాను శబ్దం రికార్డవుతుందని ఫ్యాను ఆపుకుని, ఇంట్లో గోడకు తెల్లదుప్పటి కట్టుకుని పాఠాలు చెప్పిన అధ్యాపకులు గోదావరి జిల్లాల నిండా ఉన్నారు. ఆ కష్టం పెట్టాల్సిన చోటు వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇక నేల సంగతి. రాజమహేంద్రవరంలో 2006లో ఏర్పడిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం కింద డెల్టాలోని డిగ్రీ కాలేజీలు, కాకినాడ జేఎన్‌టీయూ కింద ఇంజనీరింగ్ కాలేజీలు నడుస్తాయి. వీటికి పిల్లలు లంకల నుంచి, కాలవగట్ల వెంట ఉన్న ఊళ్ల నుంచి, రంపచోడవరం వైపు కొండల నుంచి వస్తారు. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటరు ఉన్నవి 4 శాతం, ఇంటర్నెట్టు వాడే వీలున్నవి 15 శాతం. తర్వాత పరిస్థితి వేగంగా మారింది గాని, మారింది ఫోన్ల సంఖ్యే. డిగ్రీ విద్యార్థి ఇంట్లో ల్యాప్‌టాప్ ఇప్పటికీ అరుదు. ఉన్న ఒక్క ఫోను నాన్నతోపాటు పనిలోకి పోతుంది, సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. అన్నకూ చెల్లికీ ఒకే సమయంలో క్లాసుంటే ఫోను ఎవరి చేతికి వెళుతుందో ఈ జిల్లాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ప్యాకుతో, గంటకు అర జీబీ మింగే వీడియో క్లాసులు నాలుగు వింటే ఆ రోజు డేటా అక్కడికి సరి.

దానికి తోడు గోదావరి. 2020 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. 20 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి వదిలారు. లంకలు మునిగాయి, కరెంటు పోయింది. ఆ వారంలో నడిచిన ఆన్‌లైన్ క్లాసుల్లో ఆ ఊళ్ల పిల్లలు లేరు, హాజరు పట్టీలో మాత్రం ఆబ్సెంటు పడింది. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు విషయమై అల్లర్లు జరిగాక కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్టును దాదాపు రెండు వారాలు ఆపేశారు. ఇంటి నుంచి పని చేసుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ కోసం పక్క జిల్లాలకు పోవాల్సి వచ్చింది. వరదకో, ఉద్రిక్తతకో నెట్టు ఆగిపోతే నిలిచిపోయే చదువును మన నేల మీద కట్టకూడదు. క్లాసంతా ఒకే గంటకు ఒకే లింకులో ఉండాలన్న పద్ధతి ఇక్కడ కూలిపోతుంది. చార్లెస్ హాడ్జెస్, తోటి పరిశోధకులు 2020 మార్చిలోనే హెచ్చరించారు: ఆపద్ధర్మంగా చేసే దూరబోధన వేరు, ఆలోచించి రూపొందించిన ఆన్‌లైన్ చదువు వేరు, మొదటిదాన్ని చూసి రెండోదాని మీద తీర్పు చెప్పొద్దని. మనం ఆపద్ధర్మం దగ్గరే ఆగి, ఆన్‌లైన్ పనికిరాదని తీర్పు చెప్పేశాం.

నేను ఫిజిక్స్ చెప్పేవాణ్ని కాబట్టి, పీర్ ఇన్‌స్ట్రక్షన్‌ను ఫోన్ల మీదికి ఎలా తెచ్చుకోవచ్చో ఒక ప్రశ్నతో వివరంగా చూపిస్తాను. ప్రశ్న ధవళేశ్వరం బ్యారేజీ గురించి. "గేటు వెనక నీళ్లు పది కిలోమీటర్ల దూరం వరకు కదలకుండా నిలిచి ఉన్నాయనుకోండి. అంతే లోతుతో, కానీ వంద మీటర్ల దూరం వరకే నీళ్లుంటే గేటు మీద ఒత్తిడి తగ్గుతుందా, పెరుగుతుందా, అంతే ఉంటుందా?" ఇది లైవ్ క్లాసులో అడిగితే చాట్‌లో మొదటి జవాబు ఏది పడితే మిగతావాళ్లంతా అదే కొడతారు. అందుకని, "జవాబు టైప్ చేసి ఉంచుకోండి, నేను పంపమనేదాకా పంపకండి" అని చెప్పాలి. ఒక నిమిషం తర్వాత "పంపండి" అంటే జవాబులన్నీ ఒక్కసారే పడతాయి. తగ్గుతుందన్నవాళ్లే ఎక్కువ ఉంటారు. అన్ని నీళ్లు నెడుతుంటే ఎక్కువ ఒత్తిడి ఉండదా అన్నది సహజమైన ఆలోచన. సరైన జవాబు ఇచ్చినవాళ్లు సుమారు 30 శాతానికీ 70 శాతానికీ మధ్య ఉన్నప్పుడు పిల్లల మధ్య చర్చ బాగా పండుతుందని మజూర్ చెబుతారు. అంతకంటే తక్కువైతే మళ్లీ వివరించాలి, ఎక్కువైతే ముందుకు పోవాలి.

ఇప్పుడు లింకు ఆపేసి, నలుగురేసి వాట్సాప్ కాల్‌లోకి వెళ్లమనాలి. ఆ కాల్‌లో మాస్టారు ఉండరు. అదే దాని బలం. "నీళ్లెక్కువుంటే ఒత్తిడెక్కువే కదరా" అని ఒకడంటాడు. "మరి మా డాబా మీద ట్యాంకు ఎంతుంటుందిరా, కింద కుళాయిలో ఎంత జోరుగా వత్తాయి! ఊరచెరువులో అన్ని నీళ్లున్నాయి, గట్టున చెయ్యి పెడితే ఏవన్నా తెలుత్తుందా?" అని ఇంకొకడు. లోతు అన్న మాట వాళ్ల నోటి నుంచే రావాలి. ఐదు నిమిషాల తర్వాత ఒక గూగుల్ ఫారంలో రెండోసారి జవాబు, దానికి కారణం ఒక్క వాక్యంలో. మాస్టారు ఆ వాక్యాలు చదివి, మర్నాడు వాటి మీదే మాట్లాడాలి. మొత్తం మీద దీనికి అయ్యే డేటా గంట వీడియో క్లాసులో చిన్న ముక్క. నెట్టు లేనివాడు మామూలు ఫోన్ కాల్‌లో స్నేహితుడితో మాట్లాడి, కారణాన్ని ఎస్సెమ్మెస్‌లో పంపినా పని నడుస్తుంది.

కెమెరాలు ఆన్ చెయ్యమని పట్టుబట్టడం నాకు సమ్మతం కాదు. ఒకే గది ఇళ్లు ఉంటాయి. వెనక వంట జరుగుతుంటుంది, మంచం మీద ముసలివాళ్లు పడుకుని ఉంటారు. ఆ ఇల్లు అరవైమంది చూసేలా తెర మీద పెట్టమని అడిగే హక్కు మనకు లేదు, ముఖ్యంగా ఆడపిల్లల్ని. విద్యార్థి శ్రద్ధగా ఉన్నాడో లేదో తెలుసుకోవడానికి అతను రాసి పంపిన ఒక్క వాక్యం చాలు.

చిన్న బృందాల విషయంలో మన దేశంలో జరిగిన పని ఒకటి చెప్పుకోవాలి. ఐఐటీ బొంబాయిలో సహనా మూర్తి, శ్రీధర్ అయ్యర్ బృందం వందల మంది ఉన్న కంప్యూటర్ ప్రోగ్రామింగ్ తరగతిలో ముందు ఒంటరిగా ఆలోచించడం, తర్వాత జంటగా మాట్లాడుకోవడం, ఆ తర్వాత అందరితో పంచుకోవడం అన్న పద్ధతిని నడిపి పరిశీలించింది. సగటున 83 శాతం మంది పనిలో ఉన్నారని 2013లో నివేదించింది. తరగతి పెద్దదైతే ఇవన్నీ కుదరవనే వాదనకు అది మన దేశంలోనే దొరికిన జవాబు. ఆన్‌లైన్‌కు వచ్చేసరికి ఒక్క మార్పు కావాలి. క్లాసులో జంటలు రోజూ మారినా ఫరవాలేదు, పక్కన ఎవరుంటే వాళ్లు. ఫోను మీద రోజుకో కొత్త బృందమంటే సగం సమయం మొహమాటంతోనే పోతుంది. సెమిస్టరంతా అవే నలుగురు ఉండాలి. వీలైతే ఒకే ఊరివాళ్లో, ఒకే బస్సులో వచ్చేవాళ్లో అయితే ఇంకా మంచిది. నెట్టు ఆగిపోయిన రోజున వాళ్లు అరుగు మీద కూర్చుని కూడా ఆ పని పూర్తి చెయ్యగలరు.

బృందం పెట్టగానే అయిపోదు. నలుగురిలో ఒకరే మాట్లాడి ముగ్గురు నిద్రపోవచ్చు. ఇక్కడ నాకు మన అవధానం గుర్తొస్తుంది. తిరుపతి వెంకట కవులు ఈ డెల్టా మట్టిలో పుట్టినవాళ్లే కదా. కోవిడ్ రోజుల్లో పృచ్ఛకులు ఒక్కొక్కరూ ఒక్కో దేశంలో ఉండి, జూమ్ మీద అష్టావధానాలు నిండుగా జరిగాయి. అదే జూమ్ మీద మన క్లాసులు ఎందుకు చప్పబడ్డాయి? అవధానంలో కూర్చున్న ప్రతివాడికీ ఒక పని ముందే పంచి ఉంటుంది. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు నిషేధాక్షరి, ఒకరు అప్రస్తుత ప్రసంగం. తన పని ఏమిటో తెలుసు కాబట్టి ఎవరూ మనసు పక్కకు పెట్టరు. కాలేజీ బృందంలోనూ అలాగే పంచాలి: ఒకరు జవాబు ప్రతిపాదించాలి, ఒకరు దాన్ని కాదనడానికి కారణం వెతకాలి, ఒకరు పాఠ్యపుస్తకంలో ఆధారం చూపాలి, ఒకరు తేలినదాన్ని రాసి పంపాలి. వారం వారం ఆ పనులు చేతులు మారాలి. కాదనే పని ఇచ్చినప్పుడు, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడతారు. ఎందుకంటే ఎదురు చెప్పడం అప్పుడు మర్యాద తప్పడం కిందికి రాదు, అది తన డ్యూటీ.

ప్రయోగశాల సబ్జెక్టుల్లో ఆన్‌లైన్ చదువు పూర్తిగా ఓడిపోతుందని చాలామంది అంటారు. రసాయనశాస్త్రం వరకు నేనూ దాన్ని చాలామట్టుకు ఒప్పుకుంటాను. టైట్రేషన్‌లో రంగు మారే చుక్కను వీడియోలో చూడటం వేరు, బ్యూరెట్ కుళాయి మీద తన వేళ్లతో దాన్ని పట్టుకోవడం వేరు. కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్ ప్రయోగానికి ముందు తయారుకావడానికి మంచివి, ప్రయోగానికి బదులుగా కావు. ఫిజిక్స్‌లో మాత్రం చేతిలోని ఫోనే పరికరం. జర్మనీలోని ఆకెన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఉచితంగా ఇచ్చే ఫైఫాక్స్ అనే యాప్ ఫోనులోని సెన్సర్లను కొలతలకు వాడుకోనిస్తుంది. ఫోనును గుడ్డసంచిలో పెట్టి, మీటరు పొడవున్న తాడుకు దూలానికి వేలాడదీసి ఊపితే, ఒక్క డోలనానికి సుమారు రెండు సెకన్లని అదే చూపిస్తుంది. తాడు పొడవు మార్చి, గ్రాఫు గీసి, గురుత్వ త్వరణం లెక్క కట్టవచ్చు. యాభై మంది పంపిన విలువల్లో తేడాలు ఎందుకొచ్చాయన్న చర్చ, ల్యాబులో రికార్డు బుక్కుకు సరిపోయేలా రాసే విలువల కంటే ఎక్కువ ఫిజిక్స్ నేర్పుతుంది.

జీవశాస్త్రాలకు ఈ డెల్టా మొత్తం ల్యాబే. భీమవరం చుట్టుపక్కల జువాలజీ విద్యార్థుల్లో చాలామంది ఇళ్ల దగ్గర్లోనే రొయ్యల చెరువులుంటాయి. చెరువులో ఏరియేటర్లు రాత్రి ఏ వేళ నుంచి ఏ వేళ దాకా తిప్పుతున్నారో, మబ్బు పట్టిన రోజుల్లో ఏం మారుస్తున్నారో ఒక వారం పాటు రైతును అడిగి రాసుకురమ్మనండి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుందని రైతుకు నష్టం నేర్పింది. పగలు ప్లవకాల కిరణజన్య సంయోగక్రియ వల్ల ఆక్సిజన్ పెరిగి, రాత్రి అన్ని జీవుల శ్వాసక్రియ వల్ల తగ్గుతుందని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఆ రెండింటినీ ముడివెయ్యడం విద్యార్థి పని. వృక్షశాస్త్రానికి కడియం నర్సరీల్లో అంట్లు కట్టేవాళ్లున్నారు, కోరింగ మడ అడవుల్లో బురదలోంచి పైకి లేచిన శ్వాసవేళ్లున్నాయి. కామర్స్ పిల్లలు ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టే ఇంటి ఖర్చు, రాబడి లెక్క రాయగలరు. రాష్ట్రంలో 2020-21 నుంచి మార్చిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్పు ఎలాగూ తప్పనిసరి చేశారు. వాటిని విడిగా, చివర్లో బైండు చేసి ఇచ్చే రిపోర్టుగా చూడటం మాని, వారం వారం పాఠంలోకి లాక్కుంటే ఆన్‌లైన్ గంటలో మాట్లాడటానికి ప్రతి విద్యార్థి దగ్గరా తనదంటూ ఒక సరుకుంటుంది.

చేతులతో, ఒంటితో నేర్చుకోవాల్సిన విద్యలు తెర మీద సాధ్యమా అన్నదానికి సముద్రాలవతల ఒక ఉదాహరణ ఉంది. 2016లో కాలిఫోర్నియాలో మొదలైన సిలికానాంధ్ర విశ్వవిద్యాలయం కూచిపూడి, కర్ణాటక సంగీతం కోర్సులను ఆన్‌లైన్‌లోనే చెబుతోంది. నాట్యాన్ని ఎవరూ ఉపన్యాసంగా చెప్పరు. శిష్యురాలు అడుగు వెయ్యాలి, గురువు దిద్దాలి, మళ్లీ వెయ్యాలి. ఆ వరుస ఉన్నంతవరకు మధ్యలో తెర ఉన్నా విద్య సాగుతుంది. లెక్కలకూ అకౌంట్లకూ అదే వరుస ఎందుకు ఉండకూడదు? కాయితం మీద చేసిన లెక్కను ఫోటో తీసి పంపడం, మాస్టారు తప్పిన మెట్టు దగ్గర ఎర్రగీత పెట్టి అర నిమిషం వాయిస్ మెసేజ్ పంపడం, విద్యార్థి మళ్లీ చెయ్యడం. పది నిమిషాల వాయిస్ మెసేజ్ కూడా రెండు మూడు ఎంబీలకు మించదు.

భాష సంగతి ఇంతకంటే బరువైనది. 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోనే అని ఉన్నత విద్యామండలి నిర్ణయించింది. ఇంటర్ దాకా తెలుగులో చదివి వచ్చినవాడు కాలేజీ గదిలో పక్కవాణ్ని తెలుగులో అడిగి అర్థం చేసుకుంటాడు. ఆన్‌లైన్‌లో ఆ పక్కవాడు పోయాడు. చర్చ ఇంగ్లీషులోనే జరగాలంటే అతను మౌనంగా ఉండిపోతాడు, మనం దాన్ని ఆసక్తి లేకపోవడం అనుకుంటాం. ఆలోచన పుట్టే దశలో, అంటే నలుగురి కాల్‌లో, చాట్‌లో, మొదటి చిత్తుప్రతిలో తెలుగును పూర్తిగా రానివ్వాలి, ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసిన తెలుగైనా సరే. తేలిన జవాబును చివర్లో ఇంగ్లీషులో రాయించాలి. పరీక్ష ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఆ సాధనా కావాలి. రెండు దశలనూ కలిపేసి మొదటి నుంచీ ఇంగ్లీషే అన్నచోట పిల్లలు గైడులోని వాక్యాలు దించి పంపడం తప్ప ఏమీ చెయ్యలేరు.

ఇవన్నీ చెయ్యాల్సింది అధ్యాపకుడు. అతని రోజు ఎలా ఉంటుందో చూడకుండా పద్ధతుల గురించి మాట్లాడటం అన్యాయం. ఒక్కొక్కరికి రెండు మూడు సెక్షన్లు, ఒక్కో సెక్షన్‌లో యాభై, అరవై మంది. ప్రైవేటు కాలేజీల్లో అడ్మిషన్ల ప్రచారం కూడా వాళ్లమీదే. గెస్ట్ లెక్చరర్లకైతే గంటకు లెక్కకట్టి ఇచ్చే డబ్బులో, రాత్రి కూర్చుని చదివిన నూట యాభై వాక్యాలకు చోటే లేదు. అందుకే వారానికి నాలుగు లైవ్ క్లాసులున్న సబ్జెక్టులో రెండింటిని ఆపి, ఆ రెండు గంటలను పిల్లల రాతలు చదవడానికీ, బృందాలతో మాట్లాడటానికీ పనిగంటలుగానే లెక్క వెయ్యాలి. వర్క్‌లోడ్ పట్టీలో దానికి గడి లేకపోతే ఎంత మంచి శిక్షణా కార్యక్రమమైనా సర్టిఫికెట్టు దగ్గరే ఆగుతుంది. యూజీసీ 2021లో ఒక కోర్సులో 40 శాతం దాకా ఆన్‌లైన్‌లో చెప్పవచ్చని బ్లెండెడ్ పద్ధతి మీద భావనాపత్రం ఇచ్చింది. స్వయం కోర్సుల క్రెడిట్లనూ 40 శాతం దాకా ఒప్పుకోవచ్చంది. శాతం చెప్పినంత తేలిగ్గా, ఆ 40 శాతంలో అధ్యాపకుడి సమయం ఎక్కడికి పోతుందన్నది ఎవరూ చెప్పలేదు. కొన్ని యాజమాన్యాలకు ఇది పోస్టులు తగ్గించుకునే దారిగా కనబడుతుందన్న భయం నాకుంది. పని చేయించే ఆన్‌లైన్ క్లాసుకు, ఉపన్యాసం చెప్పే క్లాసుకంటే ఎక్కువమంది అధ్యాపకులు కావాలి.

చివరికి అన్నీ వచ్చి ఆగేది పరీక్ష దగ్గర. డిగ్రీలో ఎక్కువ చోట్ల బయటి పరీక్షకు 75 మార్కులు, ఇంటర్నల్స్‌కు 25. ఆ 75 మన చేతిలో లేదు, అనుబంధ కాలేజీ అధ్యాపకుడు ప్రశ్నపత్రాన్ని మార్చలేడు. 25 మాత్రం కాలేజీ చేతిలోనే ఉంది. ఇప్పుడు అందులో మిడ్ పరీక్ష, అసైన్‌మెంటు, హాజరు కలిపి వేస్తున్నారు. అసైన్‌మెంటంటే పుస్తకం చూసి తెల్లకాయితాల మీద దించి ఇచ్చేదే. ఆ మూడింటినీ తీసేసి, 10 మార్కులు వారం వారం పంపిన కారణవాక్యాలకు, 5 బృందంలో తన వంతు పనికి, 10 ఫోనుతోనో, చెరువుగట్టు దగ్గరో, నర్సరీలోనో చేసిన ఒక పరిశీలనకు ఇవ్వవచ్చు. మధ్యలో నెట్టు పోయినా, వరద వచ్చినా రెండు వారాల గడువులోపు చేర్చిన పనికి పూర్తి మార్కులని ముందే రాసిపెట్టాలి. దీనికి కొత్త చట్టం, కొత్త నిధులు అక్కర్లేదు. అటానమస్ కాలేజీల్లో ఒక బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశం చాలు. అనుబంధ కాలేజీల కోసం విశ్వవిద్యాలయం అకడమిక్ డీన్ కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ రావాలి. అది జూన్‌లో, సెమిస్టరు మొదలుకాకముందే, వరదల కాలానికి నెల ముందే రావాలి.